కారు లేనివాళ్ళ షెడ్డు

"కారు లేనోళ్ళకు కారు షెడ్డెందుకు చెల్లెమ్మా?"

సామ్యూల్ ఈ మాట అన్నప్పుడు డోరా రెండు చేతుల్లోనూ మందుల సంచులున్నాయి. లేకపోతే ఆ చేతులు ఏం చేసేవో ఆమె కూడా పూచీ పడదు. షెడ్డు ఎవరిది? డోరాది. అందులో ఉన్న కారు ఎవరిది? సామ్యూల్‌ది. ప్రశ్న వేయాల్సి వస్తే డోరా వేయాలి. కానీ లోకం తీరు అలా లేదు. ఆక్రమించుకున్నవాడు వరండాలో కుర్చీ వేసుకుని కాలు మీద కాలేసుకుని ప్రశ్నలు వేస్తాడు, సొంతదారు మెట్ల దగ్గర నిలబడి సంజాయిషీ చెప్పుకోవాలి.

డోరాది బాపట్ల దగ్గర పల్లె. నర్సింగ్ చదువుకుని ఉద్యోగం కోసం సికింద్రాబాద్ వచ్చింది. రోగి బతికితే డాక్టరు చేతివాసి, ప్రాణం మీదికి వస్తే నర్సు నిర్లక్ష్యం. ఆ ఉద్యోగంలో ఉన్న న్యాయం అంతే. ఆమె మాటలు పడింది గాని నోరు మూసుకుని పడలేదు. వార్డులో ఆమె గొంతు వినబడితే తాగొచ్చి గొడవ చేసేవాడు కూడా బుద్ధిగా దుప్పటి కప్పుకునేవాడు. భర్త సైలస్ అందుకు పూర్తిగా వేరు. బడిలో డ్రిల్లు మాస్టారు, మైదానంలో విజిలు ఊదడమే తప్ప ఇంట్లో గొంతెత్తి ఎరగడు. కుదురుగా ఒకచోట కూర్చోవడం మాత్రం చేతకాదు. చేతిలో పని లేకపోతే వీధి చివరిదాకా నడిచి వచ్చేవాడు.

ఇద్దరూ కడుపు కట్టుకుని నేరేడ్‌మెట్‌లో ఒక ఇంటి పై వాటా కొనుక్కున్నారు. ఆ ఇంటి పాత యజమాని వాటాలు విడదీసి అమ్మాడు. కింది వాటాకు ముందు వరండా, చిన్న తోట వచ్చాయి. పై వాటాకు మేడ మీది గదులు, కింద పక్కగా వీధిలోకి తలుపున్న కారు షెడ్డు వచ్చాయి. కింది వాటా కొన్నది సామ్యూల్. ఇద్దరిదీ ఒకే చర్చి కావడంతో బేరాలప్పుడు కూడా కలిసే తిరిగారు. అన్నయ్యా అంటే చెల్లెమ్మా అనుకున్నారు. సామ్యూల్ భార్య క్యారల్ డోరాకు వదిన. క్రిస్మస్‌కు పైనుంచి కిందికి అరిసెలు, కిందినుంచి పైకి కేకు. చూసినవాళ్ళు ముచ్చటపడేవారు.

అసలు తప్పు ఎక్కడ జరిగిందంటే, డోరా మస్కట్‌లో ఉద్యోగానికి వెళ్ళినప్పుడు జరిగింది. సైలస్ అప్పట్లో మేడ్చల్ అవతల ఒక హాస్టలు బడిలో పనిచేస్తూ శనివారాలు ఇంటికి వచ్చేవాడు. ఒక శనివారం ఫోనులో మాటల సందున, గల్లీ చివర ముసలాయన స్థలం కబ్జా అయిందని చెప్పాడు. ఎవరో ఇసుక, కంకర తెచ్చి పోశారు, రేకుల తలుపు పెట్టి తాళం వేశారు, ఇది మాది పొమ్మన్నారు. ముసలాయన గోల పెట్టాడు. పట్టించుకున్న నాథుడు లేడు.

ఈ ఊళ్ళో జాగా ఉన్న ప్రతివాడి గుండెల్లోనూ ఆ భయం ఉంటుంది. ఖాళీగా కనబడితే పోతుంది. అందుకే ప్లాటు కొనగానే బోర్డు పాతుతారు, గది వేసి ఎవరినో ఒకరిని కాపురం పెడతారు, ఏమీ లేకపోతే బంధువుల పాత స్కూటరైనా తెచ్చి పడేస్తారు. డోరాకు ఆ రాత్రి మస్కట్‌లో నిద్ర పట్టలేదు. తెల్లారగానే సామ్యూల్‌కు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, మీ కారు ఎండలో పెట్టుకుంటున్నారుగా. మా షెడ్డులో పెట్టుకోండి. ఖాళీగా ఉందని ఎవరూ అనుకోకూడదు."

"ఎందుకు చెల్లెమ్మా, మీకు తక్లీఫ్."

"తక్లీఫ్ ఏంటండీ, మీరే మాకు ఉపకారం చేసినట్టు."

సైలస్ వద్దన్నాడు. తాళం వేసి ఉంది కదా, అది చాలదా అన్నాడు. మీకేం తెలీదు, మీరు ఊరుకోండి అంది డోరా. భర్త చేత తాళంచెవి ఇప్పించేదాకా ఆమె మనసు నిలవలేదు. ఎవరో దొంగ వస్తాడన్న బెంగతో, సొంత తాళంచెవిని బతిమాలి మరీ కింది వాటా పెద్దమనిషి చేతిలో పెట్టింది.

పెద్దమనిషి కుదురుకున్నాడు. మొదట కారు వచ్చింది. తర్వాత గోడకు అరలు వచ్చాయి, అరల్లోకి పెయింటు డబ్బాలు, విరిగిన సోఫా వచ్చాయి. పాత చెక్క తలుపు పోయి ఇనుప షట్టరు వచ్చింది, దానికి కొత్త తాళం వచ్చింది. ఆ తాళంచెవి మటుకు పైకి రాలేదు. సెలవులకు వచ్చినప్పుడు డోరా చూసి, అన్నయ్య బాగానే చూసుకుంటున్నాడు అనుకుని మురిసింది కూడా. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పుడామెకు ఒళ్ళు మండిపోతుంది.

ఆ తర్వాత సైలస్‌కు పక్షవాతం వచ్చింది. డోరా ఉద్యోగం వదిలేసి వచ్చేసింది. సైలస్‌కు కుడి పక్క పడిపోయింది, మాట ముద్దముద్దగా వస్తోంది. ఆసుపత్రినుంచి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోయడానికి వీధిలో నలుగురు చెయ్యి వేయాల్సి వచ్చింది. ఆ ఇంటి మెట్లు ఇరుకు, మధ్యలో మలుపు. మలుపు దగ్గర కుర్చీ గోడకు ఇరుక్కుని సైలస్ మోచెయ్యి గీరుకుపోయింది.

డాక్టరు చెప్పింది ఒక్కటే. నడిపించాలి. సమతలంగా ఉన్న నేల మీద, రెండు పక్కలా పట్టుకోవడానికి గొట్టాలు బిగించి, రోజూ నడిపించాలి. ఇప్పుడు నడిపిస్తే మనిషి మనకు దక్కుతాడు, ఆలస్యమైతే కాలు బిగుసుకుపోతుంది అన్నాడు. డోరాకు ఇది ఎవరూ చెప్పనక్కరలేదు, అలా బిగుసుకుపోయినవాళ్ళకు ఎందరికో తనే పక్కలు మార్చింది. పైన గదులు చిన్నవి, నాలుగడుగులు వేస్తే గోడ, మధ్యలో గడపలు. బయట వరండా లేదు. కింద షెడ్డు ఉంది. పొడుగ్గా, చదునుగా, వీధిలోకి తెరుచుకునే షెడ్డు. మంచం అక్కడే వేస్తే ఆయన నడుస్తాడు, ఎండ చూస్తాడు, పోయే వచ్చే మనుషులను చూస్తాడు. ఆమె అడిగింది అంతే. తన షెడ్డు తనకు ఇమ్మంది.

"అట్లనే చెల్లెమ్మా, క్రిస్మస్ కానీ" అన్నాడు సామ్యూల్. క్రిస్మస్ అయింది. "జెర ఆగరాదు, ఈస్టర్ రానీ, సామానంత తీయాలె గద." ఈస్టర్ వచ్చింది. "కొత్త కారు తీసుకున్నం, రోడ్డు మీద పెడితే గీతలు పడతయ్. నువ్వే చెప్పు, యాడ పెట్టుకోవాలె?"

తన భర్త కాలు గురించి మాట్లాడుతుంటే ఆయన తన కారు పెయింటు గురించి మాట్లాడుతున్నాడని డోరాకు అప్పుడు అర్థమైంది. గొంతు లేచింది. సామ్యూల్ మొహం కూడా మారింది.

"ఏందీ గిట్ల మాట్లాడుతవ్? ఇన్నేళ్ళు కాపాడింది ఎవరు? నేను లేకుంటే మీ షెడ్డు ఎప్పుడో కబ్జా అయితుండె. షట్టరు నేను పెట్టిచ్చిన, నేల నేను గచ్చు చేయిచ్చిన. కారు లేనోళ్ళకు కారు షెడ్డెందుకు చెల్లెమ్మా?"

ఆ మాట అన్నది ఇప్పుడే. డోరా మందుల సంచులతో మెట్లెక్కింది. కబ్జా కాకుండా కాపాడాడట! ఎవరినుంచి కాపాడాడో చెప్పడేం? పైకి వెళ్ళేసరికి సైలస్ కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. కింద మాటలన్నీ విన్నాడు. ఎడమ చేత్తో పోనీలెమ్మన్నట్టు సైగ చేశాడు. ఆ సైగ చూసి ఆమెకు సామ్యూల్ మీద వచ్చినదానికన్నా ఎక్కువ కోపం వచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది.

పోలీసు స్టేషనుకు వెళ్ళింది. ఎస్సై మంచివాడే, కుర్చీ వేయించాడు. "ఇది సివిల్ మ్యాటరమ్మా, కోర్టుకు పోండి" అన్నాడు. వకీలు దగ్గరికి వెళ్ళింది. ఆయన దస్తావేజులు తిరగేసి కేసు గట్టిగా ఉందన్నాడు. ఎప్పటికి తేలుతుందంటే మాత్రం పైకి చూశాడు. కేసు ఎన్నేళ్ళయినా ఆగుతుంది, కాలు ఆగదు కదా. వీధిలో వాళ్ళు అయ్యో అన్నారు, అంతకంటే ఎవరూ నోరు విప్పలేదు. సామ్యూల్ సంఘ పెద్ద, చర్చిలో కానుకల లెక్క ఆయన చేతిలోనే ఉంటుంది, ఎవరింట్లో పెళ్ళయినా చావయినా ముందు నిలబడతాడు. అలాంటివాడితో ఎవరు పెట్టుకుంటారు?

పాస్టరు దగ్గరికి వెళ్ళింది. ఆశీష్ అయ్యగారు చిన్నవాడు, ఈ చర్చికి బదిలీ మీద వచ్చాడు, వచ్చేనాటికే సైలస్ మంచాన పడి ఉన్నాడు. మాటలో మెత్తదనం ఉంది. పంచాయితీకి నేరేడ్‌మెట్ వచ్చాడు. సామ్యూల్ వరండాలో కూర్చున్నాడు, టీ తాగాడు, కొత్త కారు బాగుందన్నాడు, అప్పుడు డోరాను కిందికి పిలిపించాడు.

"సహోదరీ, ఆస్తులు ఇక్కడే ఉండిపోతాయి. మనం తీసుకెళ్ళేది ఏమీ లేదు. క్షమించడం నేర్చుకోవాలి."

"ఆయన క్షమించమని అడగలేదండీ" అంది డోరా. "అడిగితే ఆలోచిస్తాను. అయ్యగారూ, ఒక్కసారి పైకి రండి. ఆయన్ని చూసి ప్రార్థన చేసి వెళ్ళండి."

"తప్పకుండా సహోదరీ. ఇంకోసారి తీరిగ్గా వస్తాను."

పంచాయితీకని మళ్ళీ వచ్చాడు, ఇంకోసారి కూడా వచ్చాడు. ఆ వరండాకే వచ్చాడు. కారు గురించి అన్నిసార్లు వచ్చిన మనిషికి ఆ మెట్లెక్కే తీరిక ఒక్కసారీ చిక్కలేదు.

ఆ చర్చిలో ఒక ఆచారం ఉంది. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షారసం తీసుకునేముందు, ఎవరి మీదైనా మనసులో కోపం ఉన్నవాళ్ళు వెళ్ళి వాళ్ళతో చెయ్యి కలపాలి. కలిపారా, తగవు తీరినట్టే. ఆ తర్వాత ఆ ఊసెత్తినవాళ్ళదే తప్పు. డోరా ఆచారాన్ని ఆచారంగా పాటించే మనిషి. కోపం కడుపులో పెట్టుకుని బల్ల ముట్టుకోకూడదని, షెడ్డు గొడవ మొదలైనప్పటినుంచి బెంచీ మీదే కూర్చుండిపోయేది. సామ్యూల్ మాత్రం ప్రతి నెలా ముందు వరసలో వెళ్ళి, కళ్ళు మూసుకుని, రొట్టె తీసుకుని వచ్చేవాడు. డోరా మనసులో కల్మషం పెట్టుకుందని ఆడవాళ్ళు గుసగుసలాడుకునేవారు. కల్మషం డోరాదట! షెడ్డు మింగినవాడి మనసు మల్లెపువ్వు!

ఆగస్టు మొదటి ఆదివారం ఆశీష్ అయ్యగారు బల్ల ముందు నిలబడి, పేర్లు పెట్టి పిలిచాడు. "మన మధ్య ఇద్దరు తోబుట్టువుల మధ్య చాలాకాలంగా ఎడం ఉంది. సామ్యూల్ సహోదరా, డోరా సహోదరీ, ముందుకు రండి. ఈరోజు సంఘమంతా చూస్తుండగా చెయ్యి కలపండి."

ముందే మాట్లాడుకున్నారని డోరాకు తెలిసిపోయింది. సామ్యూల్ ఇస్త్రీ చొక్కాతో అప్పటికే లేచి ఉన్నాడు. మొహం నిండా నవ్వు. చెయ్యి కలిపితే షెడ్డు పోతుంది, ఇక నోరెత్తడానికి వీల్లేదు. కలపకపోతే సంఘమంతటి ముందు ఆమె కఠినాత్మురాలు. ఏ వైపు తిరిగినా సైలస్ మేడ మీదే ఉండిపోతాడు. డోరా లేచింది. బెంచీల మధ్య నడిచి బల్ల ముందుకు వెళ్ళింది. సామ్యూల్ పెద్ద చెయ్యి చాపాడు.

డోరా కూడా చాపింది. అరచెయ్యి పైకి తిప్పి చాపింది.

"షెడ్డు తాళంచెవి పెట్టండి అన్నయ్యా."

సామ్యూల్ నవ్వు అలాగే ఉంది, కళ్ళు మాత్రం పాస్టరు కోసం వెతికాయి. "ఇది దేవుని మందిరం చెల్లెమ్మా. షెడ్డు ముచ్చట ఈడెందుకు?"

"మరి ఇక్కడ చెయ్యి కలపమన్నది ఏ ముచ్చటకు? మనకు ఉన్న తగవు ఇదొక్కటేగా. నేను కలపనని అనట్లేదు. చెయ్యి చాపే ఉంచాను. ఉత్త చెయ్యి నాకెందుకు?"

"సహోదరీ, దయచేసి..." అన్నాడు పాస్టరు. "వెనక అందరూ ఎదురు చూస్తున్నారు."

"చూడనివ్వండి అయ్యగారూ. మేము చూడట్లేదా?"

ముందు వరసలో రోసమ్మ అనే ముసలావిడకు చెవుడు. పక్కావిడను గట్టిగా అడిగింది. "ఏంటంట? ఏమడుగుతుంది?"

"షెడ్డు తాళం."

"ఎవరిది షెడ్డు?"

పక్కావిడ సామ్యూల్ వైపు భయంగా చూసి, గొంతు తగ్గించి, "డోరాదే" అంది. రోసమ్మకు అది కూడా వినబడలేదు, రెండోసారి గట్టిగా చెప్పించుకుంది.

"ఆవిడదైతే ఇచ్చి చావొచ్చుగా! నా మోకాళ్ళు పీకుతున్నాయి" అని అరిచింది రోసమ్మ.

వెనక ఎవరో నవ్వారు. ఇంకెవరో "నిజమే కదా" అన్నారు. ఇన్నాళ్ళు ఆ నిజం ఎక్కడ పెట్టుకున్నారో! ఆడవాళ్ళ వైపునుంచి క్యారల్ లేచింది. రోజూ బేగంపేట ఆఫీసుకు ఆ కారు నడుపుకుంటూ వెళ్ళేది ఆమే, తాళంచెవులు ఆమె బ్యాగులోనే ఉంటాయి. షట్టరు దించుతూ మేడ మీది కిటికీ వైపు చూడలేక తల వంచుకుని వెళ్ళిపోవడం ఆమెకు అలవాటైపోయింది. ఇప్పుడు మొగుడి వైపు చూడకుండా వచ్చి, గుత్తినుంచి ఒక చెవి గోటితో లాగి తీసి, డోరా అరచేతిలో పెట్టింది. "రేపు ఖాళీ చేస్తా వదినా" అంది.

డోరా తాళంచెవిని ఎడమ చేతిలోకి మార్చుకుని, కుడి చెయ్యి చాపి సామ్యూల్‌తో గట్టిగా కలిపింది. మాట మాటే. తర్వాత బల్ల దగ్గరికి వెళ్ళి రొట్టె తీసుకుంది.

మర్నాడు కారు వెళ్ళింది, సోఫా వెళ్ళింది. వీధి మొదట్లో పంక్చర్ల దుకాణం అస్లం, తన దగ్గర పనిచేసేవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చి, సైలస్‌ను కుర్చీతో సహా దించాడు. మలుపు దగ్గర "సార్, జెర కాళ్ళు లోపలికి" అంటూ తన వీపు గోడకు ఆనించి ఆయన మోచెయ్యి తగలకుండా చూశాడు. గొట్టాలు కూడా అతనే బిగించి ఇచ్చాడు. షట్టరు ఎత్తిపెట్టి డోరా రోజూ నడిపించేది. సైలస్ చెమటలు కక్కుతూ ఆ చివరికి వెళ్ళి, తిరిగి ఈ చివరికి వచ్చేవాడు. కాలు ఈడుస్తూనే వచ్చేవాడు, కానీ వచ్చేవాడు. పాలవాడు ఆగి పలకరించేవాడు.

సామ్యూల్ కుటుంబం ఆ నెలనుంచి చర్చికి రావడం మానేసింది. బోయిన్‌పల్లిలో ఇంకో చర్చికి వెళ్తున్నారన్నారు. అంతే, సంఘం గుండె బద్దలైంది. పెద్దలు జట్టు కట్టి వాళ్ళింటికి వెళ్ళి బతిమాలి వచ్చారు. ఆదివారం ప్రార్థనలో వాళ్ళ పేర్లు. బుధవారం కూడికలో వాళ్ళ పేర్లు. ఆడవాళ్ళు డోరాను పక్కకు తీసుకెళ్ళి, "నీ పంతం వల్ల ఒక కుటుంబాన్ని పోగొట్టుకున్నాం, ఒక మాట తగ్గితే పోయేది" అన్నారు. డోరా విన్నది. సైలస్ ఎందుకు రావడంలేదని ఈ నోళ్ళలో ఒక్కటైనా ఎప్పుడైనా అడిగిందా అని వెతుక్కుంది. ఆయన పడిపోయిన కొత్తలో పళ్ళు పట్టుకుని వచ్చారు. ఆ తర్వాత మెట్లు వాళ్ళకు కూడా ఇరుకయ్యాయి. కారున్నవాడు చర్చి మారితే సంఘానికి నష్టం. నడవలేనివాడు రాకపోతే అది దేవుని చిత్తం.

నవంబరులో ఒక ఆదివారం డోరా భర్తకు తెల్ల చొక్కా తొడిగి, అస్లం ఆటో మాట్లాడి పంపితే అందులో ఎక్కించి, మడిచిన చక్రాల కుర్చీ కూడా పెట్టుకుని, చర్చికి తీసుకెళ్ళింది. చక్రాల కుర్చీనుంచి దింపి మగవాళ్ళ వైపు మధ్య వరసలో బెంచీ చివర కూర్చోబెట్టి, తను నడవకు ఇవతల ఆడవాళ్ళ వైపు కూర్చుంది. తెలిసినవాళ్ళు చూశారు, తలలూపారు, పాటల పుస్తకాల్లోకి తలలు దించుకున్నారు. ప్రకటనలు చదవడం అయ్యాక ఆశీష్ అయ్యగారు ఎప్పటిలాగే చిరునవ్వుతో అందరినీ కలియజూశాడు. చూపు సైలస్ మీద ఆగింది.

"ఈరోజు మన మధ్యకు కొత్తగా వచ్చిన సహోదరులు దయచేసి లేచి నిలబడి, పేరు, ఊరు చెప్పండి. సంఘం మిమ్మల్ని ఆహ్వానిస్తుంది."

అందరి తలలూ అటు తిరిగాయి. ఒక్కరూ "అయ్యగారూ, ఆయన మనవాడే" అనలేదు. సిగ్గో, ఏమిటో. సైలస్ ఎడమ చేత్తో ముందు బెంచీ పట్టుకున్నాడు. డోరా ఇవతలనుంచి చెయ్యి చాచి సాయం పట్టబోతే తల అడ్డంగా ఊపాడు. చాలాసేపు పట్టింది. కాలు జారింది, మళ్ళీ ఆనించాడు. చివరికి నిలబడ్డాడు.

"సై... లస్" అన్నాడు. "నేరేడ్‌మెట్."

"చాలా సంతోషం సహోదరా. నేరేడ్‌మెట్‌లో ఎక్కడ?"

సైలస్ పెదవులు కదిలాయి గాని మాట పెగల్లేదు. డోరా లేచి ఆయన పక్కన నిలబడింది. వార్డులో మోగిన ఆ గొంతుతో, చెవిటి రోసమ్మకు కూడా వినబడేలా చెప్పింది.

"సామ్యూల్ అన్నయ్య ఇల్లు మీకు తెలుసు కదండీ అయ్యగారూ. ఆ ఇంట్లోనే, పై వాటాలో. మీరు వచ్చిన ప్రతిసారీ ఈయన ఇంట్లోనే ఉన్నాడు."